మిల్ట్రీ చేను ఎవరిది?

(హొళగుందలో జరిగిన మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను ఎల్‌ఎల్‌సి నీళ్ళ గురించి మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు దాని గురించి చెప్పాల్సిందంతా చెప్పేశారు. కాలువలో రాకపోయినా మైకులో మాత్రం నీళ్ళు బాగానే పారినాయి. అందుకని నేను 22ఎ జాబితా సంగతి ఎత్తుకుంటా. అయితే నేరుగా జాబితా కాడికి పోను. మా జేజినాయనతో మొదలుపెట్టి అక్కడికొస్తా. కాస్త ఓపిక పట్టండి.

మాకు ఊరికి పడమట నాలుగెకరాల ముప్పై సెంట్లు నల్లరేగడి ఉంది. రెండు సర్వే నంబర్లు. దాన్ని మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల చేలవాళ్ళంతా 'మిల్ట్రీ చేను' అంటారు. కూలికి పిలిచేటప్పుడు కూడా 'రేపు మిల్ట్రీ చేన్లో పత్తి తీసేది' అనే చెప్తాం. మా జేజినాయన రెండో ప్రపంచ యుద్ధానికి పోయొచ్చినందుకు సర్కారు ఇచ్చిన చేను అది. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది, పేరు మాత్రం చేను మీద నిలబడిపోయింది.

మేము అన్నదమ్ములం ముగ్గురం. భాగాలు పంచుకుని రిజిస్టరు చేయించుకుందామని పోతే, ఆ రెండు నంబర్లూ 22ఎ లో ఉన్నాయి, కాదు పొమ్మన్నారు. కారణం అడగడానికి ఇంకో ఆఫీసుకు పోయినాం. పేరు ఎందుకులెండి. కుర్చీలో ఉన్నాయన, "మీ తాత మిలిటరీ అనేదానికి రుజువేముంది? పట్టా ఏ సంవత్సరంలో ఇచ్చారు?" అన్నాడు. "ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు సార్" అన్నా. "ఊరు చెప్తే కాదు, కాగితం చెప్పాల" అన్నాడు.

ఆ మాటకు కోపం వచ్చింది. కానీ ఆలోచిస్తే ఆయన అడిగింది తప్పేమీ కాదు. మా జేజినాయన గురించి మాకు కథలు తెలుసు గాని కాగితం తెలియదు. ఆయన ఏ పటాలంలో చేరాడు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు విడుదలయ్యాడు, చేను ఎప్పుడిచ్చారు, ఒక్కటీ మాకు తెలియదు. ఆ వెతుకులాట మాకు రెండేళ్ళు పట్టింది. అందులో మీకు పనికొచ్చేది చాలా ఉంది కాబట్టి చెప్తున్నా.

ముందు ఆయన ఎందుకు పోయాడో చెప్పాలి. రాజుగారి మీద ప్రేమతో కాదు. 1942 ఆగస్టులో ఒకపక్క తెల్లవాళ్ళను దేశం వదిలిపొమ్మని గాంధీగారు పిలుపిస్తే, అదే ఏడు మా జేజినాయన తెల్లవాళ్ళ దండులో చేరాడు. చదువుకునే రోజుల్లో నాకు ఇది చెప్పుకోడానికి సిగ్గుగా ఉండేది. ఒకసారి మా జేజిని అడిగేశా, ఎందుకు పోనిచ్చినావని. ఆమె అన్నమాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "వాన్లు ల్యాకపాయె, గాదెలో జొన్నలు ల్యాకపాయె. సుగ్గికి పోతే మూడు నెల్లకొస్తారు. మీ జేజినాయన పొయ్యిన సుగ్గి నాలుగేండ్లు పట్టె."

సుగ్గి అంటే ఇక్కడ ఎవరికీ చెప్పక్కరలేదు. దసరా, దీపావళి దాటితే మన ఊళ్ళల్లో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పిల్లాజెల్లా, కోడి, కుక్కతో సహా లారీ ఎక్కుతాం. మా జేజి లెక్కలో యుద్ధం కూడా అటువంటిదే. ఇక్కడ పని లేదు, అక్కడ పని ఉంది, జీతం ఉంది, తిండి ఉంది. ఆ యుద్ధంలో హిందూదేశం నుంచి దాదాపు 25 లక్షల మంది దండులో చేరారు. బలవంతపు చట్టం లేకుండా చేరిన దండుల్లో ప్రపంచంలోనే అది అన్నిటికంటే పెద్దదని చెప్తారు. అందులో పంజాబు తర్వాత ఎక్కువమందిని పంపింది మన మద్రాసు రాజధానే. అంతకుముందు మనవాళ్ళు యుద్ధానికి పనికొచ్చే జాతులు కారని చెప్పి, 1920ల్లో మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. అవసరం పడేసరికి మళ్ళీ పనికొచ్చినాం.

చేరిన వాళ్ళందరికీ తుపాకీ ఇవ్వలేదు. మా జేజినాయన పయొనీరు కంపెనీలో పని చేశాడు. అంటే దండు ముందు రోడ్డు వేసేవాళ్ళు, విమానాలు దిగే మైదానాలు చదును చేసేవాళ్ళు, సామాన్లు మోసేవాళ్ళు. "తుపాకీ పట్టింది తక్కువ, గడ్డపార పట్టింది ఎక్కువ" అనేవాడు. దిమాపూర్ నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్ పోయే కొండదారి మీద పని. 1944లో జపానువాళ్ళు కోహిమా, ఇంఫాల్ చుట్టుముట్టినప్పుడు ఆ దారే దండుకు ప్రాణం. నెలల తరబడి వాన, జలగలు, చలిజ్వరం. వాన కోసం ఇక్కడ మొగులు చూసే మనిషి అక్కడ వాన ఆగితే చాలని మొక్కుకున్నాడంట. ఆయన అక్కడ మట్టి తవ్వుతుంటే, ఇక్కడ 1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆ నీళ్ళు చూడాలని మా జేజికి ఉత్తరం రాయించాడంట. ఆ ఉత్తరం మాకు దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు మూడు అలవాట్లు తెచ్చుకున్నాడు. టీ తాగడం, కోపం వస్తే హిందుస్థానీలో తిట్టడం, ఇంగ్లీషు అక్షరాల్లో సంతకం పెట్టడం. దండులో రోమన్ ఉర్దూ నేర్పేవాళ్ళు, అంటే ఉర్దూ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం. మా జేజినాయనకు తెలుగు రాయడం రాదు, కన్నడం రాదు. పేరు మాత్రం ఇంగ్లీషులో గీసేవాడు. తర్వాత మాకు అదే సాయపడింది. ఎట్లాగో చెప్తా.

ఇంట్లో ఉన్న రేకుపెట్టె దించితే రెండు పతకాలు దొరికినాయి. ఒకటి ఆరు కొనల చుక్క. దాని మీద బర్మా స్టార్ అని రాసి ఉంది. రెండోది గుండ్రంది, ఒకవైపు రాజు తల, ఇంకోవైపు రెండు తలల మృగాన్ని తొక్కుతున్న సింహం. మా చిన్నప్పుడు ఆ చుక్కను దూడ మెడకు కట్టి ఆడుకున్నాం. పతకం అంటే రాజు బొమ్మే అనుకుంటాం గానీ మనకు కావాల్సింది అంచు. భూతద్దం పెట్టి గుండ్రటి పతకం అంచు చూస్తే సన్నగా చెక్కిన అక్షరాలు కనపడినాయి. నంబరు, పేరు, పటాలం పొడి అక్షరాలు. మనిషిని పట్టుకోవాలంటే ఆ నంబరే తాళంచెవి. దండులో ఒకే పేరున్నవాళ్ళు వందమంది ఉంటారు, నంబరు ఒక్కరిదే.

మొదటి యుద్ధానికి పోయినవాళ్ళ ఇండ్లల్లో ఇంకో సంగతి చూడండి. అప్పట్లో ఇచ్చిన యుద్ధ పతకం సిపాయికి వెండిది, కూలి దళంలో పనిచేసినవాళ్ళకు కంచుది. చావు ఇద్దరికీ ఒకటే, లోహం మాత్రం వేరు. వెండివి చాలా వరకు కరువుల్లో కరిగిపోయినాయి. కంచువి మిగిలినాయి. మీ ఇంట్లో కంచు పతకం ఉంటే చిన్నతనం అనుకోవద్దు, దాని అంచు చదవండి.

అంచు మీద పేరు ఉందిగానీ ఇంటిపేరు లేదు. పైగా పేరు కూడా మేము పిలిచేది కాదు. దండు గుమాస్తా తన చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసుకున్నాడు. ఇది మా జేజినాయనే అని ఎట్లా నిరూపించాలి? ఇక్కడ మాకు హెళవాయన ఉపయోగపడ్డాడు. మనది కన్నడ సరిహద్దు కదా, పంట ఇంటికొచ్చిన కాలంలో ఎద్దు మీద వచ్చి, వాకిట్లో నిలబడి మన వంశం చదివి ధర్మం తీసుకుపోయే హెళవరు మీకందరికీ తెలుసు. ఇదే పని తెలుగు సీమలో పిచ్చిగుంట్లవాళ్ళు చేసేవాళ్ళు. ఆ పేరు అవమానంగా ఉందని ఇప్పుడు వంశరాజులని మార్చారు, మంచిదే. మా ఇంటికొచ్చే హెళవాయన పుస్తకంలో మా ముత్తాత పేరు, ఆయన ఏ ఊరినుంచి వలసొచ్చాడో, పిల్లలెందరో అన్నీ ఉన్నాయి. మా జేజినాయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరు అందులో ఉంది. అంచు మీద ఉన్నది అదే పేరు, ఒక అక్షరం తేడాతో. మేము ఇంట్లో పిలిచిందంతా ముద్దుపేరన్నమాట. సొంత జేజినాయన అసలు పేరు నాకు యాభై ఏళ్ళు దాటినాక తెలిసింది.

ఆ పుస్తకంలోనే ఇంకోటి బయటపడింది. జేజినాయనకు ఒక అక్క ఉంది, సిరుగుప్ప వైపు ఇచ్చారు. రాకపోకలు మా నాయన కాలంలోనే తెగిపోయినాయి. వెతుక్కుంటూ పోతే ఆమె మనవడు దొరికాడు. వాళ్ళ తాత బడిపంతులు, ఇంగ్లీషు వచ్చిన మనిషి. దండు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన కాగితం చదివించుకోడానికి జేజినాయన అక్కడికి తీసుకుపోయి, బావ దగ్గరే భద్రంగా ఉంటుందని పెట్టేసి వచ్చాడంట. మా ఇంట్లో ఉంటే చెదలు తినేది. వాళ్ళ ఇంట్లో బట్టలో చుట్టి దేవుడి గూట్లో పెట్టారు. ఎవరిదో తెలియకపోయినా పారేయలేదు. విప్పి చూస్తే నంబరు అదే. తండ్రి పేరు హెళవాయన చెప్పిందే. చేరింది 1942, విడుదల 1946. కింద వంకరటింకరగా ఇంగ్లీషు సంతకం. ఆ సంతకమే మా ఇంట్లో ఉన్న పాత అప్పు పత్రం మీద కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మా పెద్దన్న ఏడ్చేశాడు. నేను ఏడవలేదు, ఫొటో తీసుకున్నా.

ఊరి కాలంలో ఏం రాసి ఉందో వినండి. బళ్ళారి జిల్లా.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లావి. ఆ రోజు బళ్ళారి మైసూరుకు పోయింది, మనం ఇటు వచ్చినాం. రాయదుర్గం కూడా అట్లే అనంతపురానికి వచ్చింది. రెండు యుద్ధాలకు పోయిన మనవాళ్ళంతా దండు లెక్కల్లో బళ్ళారి మనుషులే. కర్నూలు జిల్లా అని వెతికితే ఎప్పటికీ దొరకరు. ఊరి పేరు కూడా మనం రాసినట్టు ఉండదు. కన్నడంలో పలికేది ఒకటి, మనం పలికేది ఒకటి, ఇంగ్లీషువాళ్ళు రాసుకున్నది ఇంకోటి. పలికే తీరులన్నీ వేసి చూడాలి. మేము ఆరు నెలలు కర్నూలు పేరుతో వెతికి నష్టపోయినాం.

నంబరు దొరికినాక బెంగుళూరులోని పయొనీరు కోరు కేంద్రానికి ఉత్తరం రాసినాం. మూడు నెలలకు జవాబొచ్చింది, తేదీలు సరిపోయినాయి. మీవాళ్ళు మద్రాసు రెజిమెంటు అయితే నీలగిరిలోని వెల్లింగ్టనుకు రాయాలి. మద్రాసు శాపర్లు అయితే బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు రాయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి. రెండో ప్రపంచ యుద్ధానికి పోయి పింఛను రానివాళ్ళకు, వాళ్ళ భార్యలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టుకున్న ఇండ్లు ఉంటే, ఆ కాగితాల్లో నంబరు ఉంటుంది.

ఇప్పుడు చేను సంగతి. 22ఎ లోకి మా చేను ఎట్లా పోయింది? జాబితా రాసినవాళ్ళు ఆర్‌ఎస్‌ఆర్ చూసి రాశారు. అది మా జేజినాయన పుట్టకముందు తయారైన సెటిల్‌మెంటు పుస్తకం. అందులో మా రెండు నంబర్లూ సర్కారు మెట్ట బంజరు అని ఉన్నాయి. నిజమే, అప్పుడు బంజరే. తర్వాత దర్ఖాస్తు మీద ఇచ్చిన పట్టా ఆ పుస్తకంలో ఎక్కలేదు. పుట్టకముందు రాసిన పుస్తకంలో పేరు లేదని మనవళ్ళ చేను ఆపేశారు.

సమాచార హక్కు కింద అర్జీ పెట్టినాం. మండల స్థాయిలో అయితే ఐదు రూపాయలు రుసుము, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దర్ఖాస్తు రిజిస్టరు నకలు, పాత 10(1) నకలు, పాత అడంగళ్ళు అడిగినాం. రికార్డు దొరకలేదు అని మొదటి జవాబు. 1984లో కరణాలను తీసేసినప్పుడు లెక్కలు చేతులు మారినాయి, 1985లో మండలాలు వచ్చినప్పుడు తాలూకా కాగితాలు పంచుకున్నారు. ఎక్కడిది ఎక్కడికి పోయిందో అడిగేవాళ్ళు లేరు. అప్పీలు వేసి, 'బళ్ళారి జిల్లాగా ఉన్నప్పటి రిజిస్టర్లు, కన్నడంలో ఉన్నవి కూడా చూడండి' అని స్పష్టంగా రాసినాం. ఆ మాట రాసినాక దొరికింది. కన్నడంలోనే ఉంది. ఇప్పుడున్న సిబ్బందికి కన్నడం చదవడం రాక పక్కన పెట్టేశారంతే, ఎవరూ కావాలని దాచలేదు. యుద్ధం నుంచి వచ్చిన సిపాయికి ఇచ్చినట్టు, 1949లో ఇచ్చినట్టు అందులో ఉంది.

1949 అనే అంకె ఎందుకు అంత విలువైందో చెప్తా. ఆంధ్ర ప్రాంతంలో అసైన్‌మెంటు భూమిని అమ్మకూడదు, మార్చకూడదు అనే షరతు 1954 జూన్ 18న ఇచ్చిన జీవోతో వచ్చింది. అంతకుముందు ఇచ్చిన పట్టాలకు ఆ షరతు లేదని హైకోర్టు ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది. షరతు లేని భూమిని అసైన్డ్ భూమి అని 22ఎ లో పెట్టడం కుదరదు. 1954 తర్వాత మాజీ సైనికుడిగా భూమి పొందినవాళ్ళకు కూడా దారి ఉంది. పదేళ్ళు దాటితే అమ్ముకోవచ్చని 1993 నవంబరులో జీవో ఇచ్చారు. కాబట్టి రెండు రుజువులు కావాలి. మనిషి సైనికుడు అనేదానికి ఒకటి, పట్టా తేదీకి ఒకటి. ఆ కుర్చీలో ఉన్నాయన మొదటిరోజు అడిగింది కూడా అవే రెండు.

ఇక్కడ మన సంఘంలో కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఈ 1954 తేదీ రెండు వైపులా పదునున్న కత్తి. పయొనీరు కంపెనీల్లోకి, కూలి దళాల్లోకి మాల, మాదిగ యువకులు చాలామంది పోయారు. వాళ్ళకూ పట్టాలిచ్చారు. కొన్ని ఊళ్ళల్లో పట్టా వాళ్ళ చేతిలో, చేను ఇంకొకరి చేతిలో. పది బస్తాల జొన్నలకు, పెళ్ళి ఖర్చుకు వేలిముద్ర వేయించుకుని తీసుకున్నవాళ్ళు, ఇప్పుడు అదే తేదీ చూపించి 'షరతు లేదు కాబట్టి మా కొనుగోలు చెల్లుతుంది' అంటున్నారు. మన సంఘంలో సభ్యులైనవాళ్ళు కూడా అందులో ఉండొచ్చు. నేను వెతికి పెడతానని నా దగ్గరికి వచ్చిన కాగితాల్లో అటువంటిది ఒకటి వచ్చింది. పట్టా ఒక దళిత సిపాయిది, అడిగేవాళ్ళు వేరేవాళ్ళు. ఆ సిపాయి మనవళ్ళు ఉన్నారా, వాళ్ళను పిలిచి కూర్చోబెట్టండి, లేకపోతే నేను చెయ్యి పెట్టను అన్నా. ఇప్పటిదాకా వాళ్ళు తిరిగి రాలేదు. ఎవరి తాత యుద్ధానికి పోయాడో ఆ ఇంటివాళ్ళు ముందు రావాలి. మన సంఘం తరఫున తీసే కాగితం ఏదైనా అట్లనే తీయాలని నా అభిప్రాయం. కాదంటే ఇక్కడే చెప్పండి, మాట్లాడుకుందాం.

తిరిగి రానివాళ్ళ సంగతి ఇంకా మిగిలింది. మా పక్క ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన చిన్నాయన రెండో యుద్ధానికి పోయి రాలేదు. 'దండులోంచి పారిపోయి యాడనో ఇంకో సంసారం పెట్టుకున్నాడు' అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆయన పెండ్లాం చచ్చేదాకా ఆ మాట పడింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం అని ఒకటుంది, యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ పేర్లన్నీ వాళ్ళ వెబ్‌సైటులో ఉంటాయి, డబ్బు కట్టక్కరలేదు. మా అబ్బాయి ఫోనులో బళ్ళారి అని వేసి, ఊరి పేరు ఐదు రకాలుగా వేసి చూశాడు. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు సరిపోయిన మనిషి ఒకరు దొరికారు. బర్మాలో రంగూను దగ్గర తౌక్యాన్ అనే చోట సమాధి తెలియనివాళ్ళ కోసం కట్టిన స్మారకం మీద పేరుంది. దాదాపు ఇరవై ఏడు వేల పేర్లు చెక్కిన స్తంభాలవి. పారిపోలేదు. ఆ పెద్దాయన పేరు చదివించుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా చిన్నమ్మ ఉంటే బాగుండు" అన్నాడు. అంతే.

మొదటి యుద్ధంలో పోయినవాళ్ళకు ఇంతకూడా లేదు. ఇరాకులో బస్రా దగ్గర కట్టిన స్మారకం మీద తెల్ల సిపాయిల పేర్లు చెక్కారు. మన దండులో ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను పటాలం కింద 'ఇంతమంది' అని అంకె వేశారు. ఇది నేను కోపంతో చెప్పే మాట కాదు. ఆ సంఘమే 2021లో విచారణ చేయించుకుని, హిందూదేశం, ఆఫ్రికా వాళ్ళను సమానంగా చూడలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పంజాబువాళ్ళకు ఒక అదృష్టం ఉంది. ఊరూరా ఎవరెవరు మొదటి యుద్ధానికి పోయారో 1919లో రాసిన రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో బయటపడినాయి. మూడు లక్షల ఇరవై వేల మంది సిపాయిల వివరాలు. కొన్ని జిల్లాలవి 2021లో అందరూ చూసేట్టు కంప్యూటర్లో పెట్టారు. మన పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఊరివాళ్ళు తమ సిపాయిల లెక్క తామే పెట్టుకుని స్తూపం కట్టుకున్నారు, 'మిలిటరీ మాధవరం' అని పేరు తెచ్చుకున్నారు. మన లెక్క మనం రాసుకుంటే తప్ప ఎవరూ రాసిపెట్టరు. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు, ఒక నోటుబుక్కు చాలు.

మా చేను ఏమైందని అడుగుతారు. రెండు నంబర్లలో ఒకటి జాబితా నుంచి తీశారు. రెండోది రీసర్వేలో కొత్త నంబరు పడి, పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదరక ఇంకా పైన ఫైలులో ఉంది. సోమవారం అర్జీల రోజు మళ్ళీ పోతున్నా. ఇటువంటి పని ఉన్నవాళ్ళు చెప్పండి, కలిసి పోదాం, ఒక్కరు పోతే కూర్చోమని కూడా అనరు.

వచ్చే నెల సమావేశానికి మీ ఇండ్లల్లో ఉన్నవి తీసుకురండి. పతకం, విడుదల కాగితం, పాత శిస్తు రసీదు, హెళవాయన మీ ఇంట్లో చెప్పిన పేర్లు, ఏదైనా సరే. కన్నడం చదవగలిగిన రిటైర్డు పంతులుగారు వస్తానన్నారు, భూతద్దం నేను తెస్తా. ఒక్క మాట మాత్రం ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నా. సభకు తెస్తున్నాం కదా అని పతకాన్ని చింతపండు పెట్టి తోమొద్దు. మాసినా పర్వాలేదు, అట్లే తెండి. తోమితే అంచు మీది అక్షరాలు పోతాయి.